పదిహేడో క్లిప్పు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల,
యాదమరి రోడ్డుకు కుడిపక్క,
శెనక్కాయ కూడా మొలవని మూడెకరాలు
మాకు ఏరోడ్రోమ్.
ఆదివారం గాలి లేవకముందే చేరుకుంటాం,
బండి వెనక సీటుకు రెక్కలు కట్టుకొని.

రేకుల షెడ్డు గోడకు ఒక చెక్క.
చెక్క నిండా బట్టల క్లిప్పులు.
ఒక్కోదాని నుదుట ఎర్ర పెయింటుతో ఒక్కో అంకె.
నీ రేడియో అంకె క్లిప్పు
నీ కాలరు పట్టుకోనిదే
నువ్వు స్విచ్చి ముట్టుకోగూడదు.

ఆ రూలు రాసింది కమిటీ కాదు,
నా పసుపు విమానం.
ఆ దినం అది పైన ఉండాది, నేను కింద.
ఎవురో పిల్లోడు షెడ్డు నీడలో కూర్చోని
పని చేస్తా ఉందో లేదో చూద్దామని, ఊరికే,
నా అంకె మీదనే స్విచ్చి వేసినాడు.
నా వేళ్ళ కింద కడ్డీలు కదుల్తానే ఉండాయి.
నా మాట పైకి పోలే.
ఒకే గొంతుతో ఇద్దరు పిలిస్తే
పాపం అది ఎవరి తట్టు తిరగాల?
ఎనిమిది నెలల బాల్సా చెక్క
చెరుకు తోటలో పడింది, ఈనెలు ఈనెలుగా.
గోతాం సంచిలోకి ఏరుకున్నాం.
ఆ పిల్లోడే ఎక్కువ ముక్కలు ఏరినాడు,
చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటా.

పై వారం నాదమునన్న
బస్సు డిపోలో డ్యూటీ దిగి నేరుగా వచ్చినాడు,
చంకలో పాత తలుపు చెక్క,
జేబులో డజనున్నర క్లిప్పులు.
ఆయనది పదిహేడు.
ఒకసారి అది కాలరు మీదనే ఇంటికి పోయింది.
ధనకోటక్క దాన్ని తీగ మీద చీరకు పెట్టేసింది.
ఆ వారం పదిహేడో అంకె మొత్తం
వంకాయ రంగు చీర చేతిలో ఉండాది.

కొత్త రేడియో ముందు తెచ్చింది హేమాద్రి.
ఆ పిల్లోడే. ఇప్పుడు మీసాలొచ్చినాయి.
"దీనికి సొంత అంకె లేదన్నా,
రెప్ప వేసేలోపల ఎన్ని మెట్లు మారుతుందో!
దీని విమానం తప్ప ఇంకెవురూ దీని మాట వినరు.
ఇంకెవురి మాటా అది వినదు."
చెప్తా చెప్తా నన్నే చూసినాడు.
నేను షూలేసు కట్టుకుంటా ఉండా.

మీటింగు రెండు గంటలు, బోండాలు మూడు ప్లేట్లు.
"అంకె లేనప్పుడు క్లిప్పెందుకు?"
"అంకెలు కొట్టుకోవు, సరే,
రెక్కలు కొట్టుకోవా అబ్బా?"
పైన నాలుగుకు మించి ఉండగూడదు.
ఎగిరే ముందర నూరడుగులు నడిచి
సిగ్నలు చూసుకోవాల.
రూళ్ళ నోటుబుక్కు నా చేతిదే.
అయిదో రూలు కాడ పెన్ను ఆగింది:
మాట అందకపోతే ఏం చెయ్యాలో
మాట అందేటప్పుడే దానికి నేర్పండి.
ఇంజను దానంతటదే ఆగిపోవాల.
ఖాదర్ వలీ నవ్వినాడు:
"ఈ రూలు మా ఇంటికి ఒక కాపీ ఇయ్యి."
నవ్వినోళ్ళం నవ్వినాం.
ఒకరిద్దరు బోండా తుంచుతా ఉండిపోయినారు.

చివర్న ఒక వరస, ఎవురూ అడక్కుండానే రాసినా:
పాత రేడియో ఒక్కటున్నా చెక్క ఉంటుంది.

ఈ ఏడు ఒక్కటే ఉండాది.
మిగతా క్లిప్పులకు స్ప్రింగులు తుప్పు పట్టినాయి,
తొమ్మిదో దాంట్లో కందిరీగ మట్టిగూడు.
నాదమునన్న మాత్రం ప్రతి ఆదివారం
చెక్క ముందర నిలబడి
ఫీల్డు తట్టు తిరిగి అరుస్తాడు:
"పదిహేడు మీద ఎవురన్నా ఉండారా?"

ఎవురూ లేరని ఆయనకు తెలుసు.
ఉన్నా ఏమీ కాదని మాకు తెలుసు.
జవాబు వచ్చేదాకా
ఆయన యాంటెన్నా లాగడు.

మొన్న హేమాద్రి అప్పుడే దించినాడు,
టైర్లు ఇంకా తిరుగుతా ఉండాయి.
రేడియో ఆఫ్ చేసి, కింద గోనెపట్ట మీద పెట్టి,
రెండు చేతులూ ఖాళీగా పైకెత్తి చూపించినాడు.
"లేరన్నా. నీదే."

క్లిప్పు కాలరు పట్టుకున్న శబ్దం
ఇంత దూరానికి వినపడదు.